మా తారీకు వచ్చేదాకా

పోయిన నెల మా పక్కింటివాళ్ల అల్లుడు మా వరండాలో కూర్చుని ప్రయారిటీ డేట్ అంటే ఏమిటో నాకు గంటసేపు వివరించాడు. అమెరికాలో ఉద్యోగం, మంచి కుర్రవాడు, పదేళ్లుగా గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్నాడు. "మీకు చెప్తే అర్థమవుతుందో లేదో అంకుల్" అని మొదలుపెట్టి, దరఖాస్తు ఆఫీసులో అందిన రోజే మన తేదీ అని, ప్రతి నెలా వాళ్లు ఒక తేదీ ప్రకటిస్తారని, మన తేదీ దానికంటే ముందుదైతేనే పిలుపు వస్తుందని, ఫోనులో ఒక పట్టిక తీసి వేలితో చూపించాడు. నేను కళ్లద్దాలు సవరించుకుని, ఈ మాటలు మొదటిసారి వింటున్నట్టు "ఓహో" అంటూ తలూపాను. వంటింట్లో మా ఆవిడ పద్మ నవ్వు ఆపుకోలేక దగ్గుతోంది. చివరికి ఆ అబ్బాయి, "ఒక్కోసారి ఆ తేదీ వెనక్కి కూడా వెళ్తుంది అంకుల్, నమ్ముతారా?" అనేసరికి నాలో మా ఊరు మక్తల్ నాటి పాత పొగరు లేచి కూర్చుంది. "నమ్ముతాను బాబూ. నువ్వు నిక్కర్లు వేసుకునే రోజుల నుంచీ వెళ్తోంది" అన్నాను. ఆ తర్వాత ఇంకో గంట నేను చెప్పాను, అతను విన్నాడు. లేచి వెళ్తూ, "ఇన్ని తెలిసి మీరు అమెరికా ఎందుకు పోలేదు అంకుల్?" అని అడిగాడు. ఆ పూట ఏదో సర్దిచెప్పాను. అసలు సంగతి ఇది.

మా బాపు మక్తల్ సర్కారు దవాఖానలో కాంపౌండరు. డాక్టర్లు వచ్చేవారు, ఎండలు ముదరగానే బదిలీ చేయించుకుని పోయేవారు. బాపు మాత్రం ఎప్పుడూ ఉండేవాడు కనుక ఊరి లెక్కలో ఆయనే డాక్టరు. మా కిరాయి ఇంట్లో గోడలకు కూడా స్పిరిట్ వాసన పట్టి ఉండేది. తెల్లవారగానే బాపు వేపపుల్ల నములుతూ దొడ్లో రాళ్ల పొయ్యి మీద గాజు సిరంజిలు, సూదులు మరగబెట్టేవాడు. పక్క పొయ్యి మీద అమ్మ జొన్నరొట్టెలు చరిచేది. రొట్టె చప్పుడు, మరుగుతున్న నీళ్లలో సూదుల గలగల, ఈ రెండూ కలిస్తేనే మాకు తెల్లారినట్టు. ఆదివారాలు బాపు కత్తెర తీసుకుని కాగితం పట్టీలకు ఒక అంచున గాట్లు పెట్టేవాడు. మందుసీసాకు ఆ పట్టీ అతికిస్తే, ఒక్కో గాటూ ఒక్కో పూట మందు. చదువురాని వాళ్లు కూడా గాట్లు చూసుకుని ఎర్రమందు తాగి బాగయ్యేవారు. మందు వల్ల బాగయ్యారో, ఆ గాట్ల మీద నమ్మకం వల్ల బాగయ్యారో నాకు ఇప్పటికీ తెలియదు.

బాపుకు ఒక్కతే చెల్లెలు, మా సత్తెమ్మ అత్త. చుట్టాలందరూ వద్దంటున్నా ఆమెను హైదరాబాదులో నర్సు ట్రైనింగులో చేర్చింది బాపే. ఆమె నాకు ఊహ తెలియకముందే అమెరికా పోయింది, అక్కడే ఒక ఆసుపత్రిలో నిలదొక్కుకుంది. నేను అయిదో తరగతిలో ఉండగా ఒక వానాకాలం ఆమె ఉత్తరం వచ్చింది. "అన్నా, నేను ఈ దేశం మనిషినైన. నీ పేరు మీద దరఖాస్తు పెట్టిన. నీతోటి వదినె, పిల్లలిద్దరు గూడ రావొచ్చు. నువ్వు నన్ను చదివించినందుకు ఇంతకన్న నేనేం జేస్త?" అని రాసింది. బాపు ఆ ఉత్తరాన్ని గుమ్మంలో నిలబడి రెండుసార్లు చదివి, "చిట్టీ దొరికింది. ఇగ పిలుస్తరు" అన్నాడు. దవాఖానలో పొద్దున చిట్టీ తీసుకున్నవాళ్లను పదకొండు గంటలలోపు పిలిచేవాడు ఆయన. అమెరికా వాళ్లు మహా అయితే దసరా దాకా తీసుకుంటారనుకున్నాడు. నా చెల్లె సుజాతకు అప్పుడు అయిదేళ్లు. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు. నాకు చెప్పకపోయినా నేను అప్పటికే బడికి పరుగెత్తి అందరికీ చెప్పేశాను.

వరస ఎలా నడుస్తుందో మాకు మెల్లమెల్లగా, ఉత్తరం ఉత్తరానికీ కొంచెం కొంచెంగా అర్థమైంది. ఆ దేశం ఏటా ఇన్ని వీసాలని లెక్క పెట్టుకుంటుంది. మొగుడూ పెళ్లాలకు, పిల్లలకు, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లకు వేర్వేరు వరసలు. తోబుట్టువుల వరస అన్నిటికంటే చివరిది. పైగా ఏ ఒక్క దేశం వాళ్లూ తమ వంతుకు మించి తీసుకోకూడదు. మన దేశంలో తోబుట్టువులకు కరువు లేదు కాబట్టి మన వరస చాంతాడంత. అత్త నెలనెలా వాషింగ్టన్‌లో ఒక నంబరుకు ఫోను చేసేది. అక్కడ మనిషి ఉండడు, టేపులో ఒక గొంతు ఆ నెల తారీకులు చదివి పెట్టేస్తుంది. అత్త అది రాసుకుని నీలం రంగు ఉత్తరంలో మాకు పంపేది. అది మక్తల్ చేరేసరికి మూడు వారాలు. ఈలోగా అక్కడ ఇంకో నెల తారీకు వచ్చేసేది. మొదటిసారి అత్త రాసిన తారీకు మా తారీకు కంటే ఎన్నో ఏళ్లు వెనకటిది. అంటే అప్పుడు పిలుస్తున్నది మాకంటే అన్నేళ్ల ముందు కాగితం పెట్టుకున్నవాళ్లను. అమ్మ విని, "మన ముంగట గంతమంది అన్నదమ్ములున్నరా? ఒక్కలకన్న ఇంట్ల కొట్లాటలు లేవా?" అని ఆశ్చర్యపోయింది.

మా వీధి సంగతి కూడా చెప్పాలి. ఆ వీధిలో సగం ఇళ్లు ఏటా పంట చేతికి రాకపోతే బొంబాయికో, పూనాకో పనికి పోయేవి. ముందురోజు మేస్త్రి వచ్చి మాట్లాడేవాడు, మర్నాడు పొద్దునకల్లా మూటలు లారీలో ఉండేవి. పోయేముందు జ్వరం బిళ్లల కోసం బాపు దగ్గరికి వచ్చేవారు. మా ఇంటి ఎదుటి బాలప్ప ఒకసారి బిళ్లలు మొలకు కట్టుకుంటూ, "సార్, మీరు పోవుడు ఏడాదిసంది ఇంటున్న. మీ మేస్త్రికి బండి దొరుకుతలేదా?" అని అడిగాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. బాపు బిళ్లల డబ్బా మూసి, "మా మేస్త్రి జర లెక్కల మనిషి, బాలప్పా" అన్నాడు. ఆ తర్వాత బాలప్ప ఎన్ని ఊళ్లు పోయి వచ్చాడో, ఎన్ని మేడలు కట్టి వచ్చాడో. మేము మాత్రం పోతూనే ఉన్నాం.

బడిలో నా పేరు "అమ్రికా". పెట్టింది వాళ్లే అయినా మోసింది నేను, కిరీటంలాగా. ఆరో తరగతిలో భూగోళం సారు కృష్ణానది ఎక్కడ పుట్టిందో చెప్పమంటే, "నాకు పనికిరాదు సార్, మేం పోతున్నం" అన్నాను. ఆయన బెత్తంతో ఇచ్చిన జవాబు నా అరచేతిలో చాలా రోజులు ప్రవహించింది. అక్కడ చేతులతో తినరని ఎవరో చెప్పగా, మక్తల్ బజారులో ఫోర్కులు దొరకక, బాపు గాయాలకు దూది అద్దే పట్టకారు ఒకటి మరగబెట్టి తెచ్చుకుని దాంతో జొన్నరొట్టె తినడం అలవాటు చేసుకోబోయాను. రొట్టె ముక్క గాల్లో వేలాడుతుండగా అమ్మ చూసి, "ఏంది బిడ్డా, రొట్టెకేమన్న దెబ్బ తాకిందా?" అంది. సుజాత నవ్వితే దాని నెత్తిన మొట్టాను. నా జ్ఞాపకంలో ఆ ఏళ్లలో సుజాత ఎప్పుడూ అలాగే ఉంటుంది: పక్కన కూర్చుని, నన్ను చూస్తూ, మొట్టికాయ తింటూ.

సూటు కథ ఇంకా ఘనమైనది. వీసా ఇంటర్వ్యూకు సూటు లేకుండా ఎలా వెళ్తానని ఏడ్చి, దర్జీ ఖాజామియా దగ్గరికి బాపును లాక్కుపోయాను. ఆయన టేపు మెడలో వేసుకుని నన్ను కిందికీ మీదికీ చూసి, "సార్, పిల్లగాడు పెరుగుతాండు. తారీకు ఎప్పుడొస్తదో చెప్పున్రి, గప్పటి కొలత నేను అందాజ జేస్త" అన్నాడు. బాపు "రెండేండ్లు" అన్నాడు. ఖాజామియా నవ్వుకుని మూడేళ్లకు సరిపడా గుడ్డ లోపలికి మడిచి కుట్టాడు. ఏటా ఒకసారి ఆ మడత విప్పించుకునేవాణ్ని. తొమ్మిదో తరగతికి లోపల విప్పడానికి ఏమీ మిగల్లేదు. తర్వాత ఆ కోటును పెళ్లిళ్లకు బ్యాండు వాయించే ఒక పిల్లవాడికి ఇచ్చేశాం. వాడికి బాగా నప్పింది.

నా వేషాలు నవ్వుకోవడానికి బాగానే ఉన్నాయి. బాపు పోగొట్టుకున్నవి మాత్రం అలాంటివి కావు. అమ్మ బర్రెను కొందామంటే "పోయెటోళ్లకు బర్రెందుకు?" అనేవాడు. బస్టాండు దగ్గర జాగా అమ్మకానికి వస్తే అదే మాట. ఇల్లు కురిస్తే కిందికి గిన్నెలు సర్దేవాళ్లం, పైకి ఎవరూ ఎక్కేవారు కాదు. గద్వాలకు ప్రమోషన్ మీద వేస్తే ఆర్డరు తిప్పి పంపించాడు. ఎందుకంటే అమెరికా ఆఫీసులో ఉన్నది మక్తల్ అడ్రసు. ఇల్లు మారితే పిలుపు ఉత్తరం దారి తప్పుతుందేమోనని ఆయన భయం. పోస్టుమాస్టరు, "అడ్రసు మారితే మేం పంపిస్తం గద సార్" అన్నా వినలేదు. తన చేతి కింద పనిచేసినవాళ్లు తన మీద అధికారులై వచ్చి సంతకాలు అడుగుతుంటే, తలవంచుకుని పెట్టేవాడు.

హైస్కూలుకు వచ్చాక తారీకుల బాధ్యత నేను తీసుకున్నాను. ఒక రెండొందల పేజీల నోటుబుక్కులో ప్రతి ఉత్తరంలోని తారీకూ రాసుకుని త్రైరాశికం వేసేవాణ్ని. నెలకు మూడు వారాలు కదిలితే ఇంత కాలం, అయిదు వారాలు కదిలితే ఇంత కాలం. లెక్కల్లో నాకు మంచి మార్కులు వచ్చింది ఆ ఆశ వల్లే, ఇప్పుడు పెన్షన్ వస్తున్నదీ ఆ లెక్కల పుణ్యమే. కాకపోతే తారీకుకు త్రైరాశికం తెలియదు. ఒక నెల దూకేది, మూడు నెలలు కదలకుండా కూర్చునేది. ఒకసారి ఉన్న చోటు నుంచి ఏడాది వెనక్కి పోయింది. "ఎనకకు ఎట్ల పోతదిరా? పిలిచినోళ్లను మల్ల పొమ్మన్నరా?" అని అమ్మ నన్ను నిలదీసింది, నేనే నెట్టినట్టు. ఆ ఏడు అనుకున్నదానికంటే ఎక్కువమంది వచ్చేశారని, వంతు నిండిపోయిందని అత్త రాసింది. బాపు ఆ రోజు దవాఖానకు పోతూ చెప్పులు తొడుక్కోవడం మరిచిపోయి సగం దారి నుంచి వెనక్కి వచ్చాడు.

ఇంటర్ రెండో ఏడులో ఉండగా అత్త ఉత్తరంతో పాటు అచ్చుకాగితం ఒకటి పంపింది, నియమాలన్నీ ఇంగ్లీషులో. బాపుకు మందుల ఇంగ్లీషు వచ్చు, ఈ ఇంగ్లీషు రాదు. నులక మంచం మీద కళ్లు మూసుకుని పడుకుని "చదువు" అన్నాడు. నేను ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెబుతున్నాను. ఒక చోట ఆగిపోయాను. దరఖాస్తు ఎవరి పేరు మీద ఉందో వాళ్ల వెంట రాగలిగేది పెళ్లికాని, ఇరవై ఒక్కేళ్లు నిండని పిల్లలు మాత్రమే, అని ఉంది. కాగితం పెట్టిన నాటి వయసు కాదు, వీసా చేతికి వచ్చి ఆ దేశంలో దిగేనాటి వయసు. నోటుబుక్కు తెరవనక్కర్లేకుండానే నా తలలో లెక్క అయిపోయింది. ఎంత ఉదారంగా వేసినా నాకు ఇరవై ఒకటి ముందు వస్తుంది, మా తారీకు వెనక వస్తుంది.

"ఏమాయె?" అన్నాడు బాపు, కళ్లు తెరవకుండా.

"ఇంగ్లీషు జర గట్టిగున్నది బాపు" అని ఆ వాక్యం దాటేసి కిందిది చదివాను.

ఎందుకు దాటేశానో అప్పుడు నాకు చాలా కారణాలు ఉన్నాయి. తారీకు ఒక్కసారి దూకితే సరిపోతుంది కదా అనుకున్నాను. బాపు బెంగపడతాడనుకున్నాను. అవన్నీ కూడా నిజమే కావచ్చు. అసలు నిజం ఏమిటంటే, "అమ్రికా" అనే పేరు తీసేస్తే నా దగ్గర ఇంకేమీ లేదు. ఆటల్లో లేను, పాటల్లో లేను, చూడటానికి బాపు దూది అద్దే పట్టకారులాగా ఉండేవాణ్ని. ఊళ్లో నాకున్న హోదా అంతా నేను ఇంకా చేయని ప్రయాణానిది. దాన్ని నా నోటితోనే రద్దు చేసుకునే ధైర్యం నాకు లేదు.

అలా నాలుగేళ్లు మోశాను. మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదువుతూ, శని ఆదివారాలు బస్సెక్కి మక్తల్ వచ్చి, నోటుబుక్కు తెరిచి బాపుకు లెక్కలు చెప్పేవాణ్ని. మధ్యలో ఒక ఏడు తారీకు నిజంగానే పరుగెత్తింది, నేను కూడా నమ్మేశాను. తర్వాత మళ్లీ నత్త నడక. నా ఇరవై ఒకటో పుట్టినరోజున అమ్మ పాయసం చేసింది. బాపు మంచి ఇంకుపెన్ను తెచ్చి, "వీసా కాగితాల మీద దీంతోని సంతకం పెట్టు" అన్నాడు. నేను పాయసం రెండుసార్లు అడిగి వేయించుకుని తిన్నాను. ఆ రోజు ఉదయమే నా పేరు ఆ వరసలోంచి రాలిపోయిందని ఆ ఇంట్లో నా ఒక్కడికే తెలుసు, అయినా పాయసం బాగుంది. సిగ్గులేనితనానికి కూడా ఆకలి ఉంటుంది.

పిలుపు ఎనిమిది నెలల తర్వాత మద్రాసులోని అమెరికా వీసా ఆఫీసు నుంచి వచ్చింది. లావుపాటి కవరు. బాపు దాన్ని దవాఖాన బల్ల మీదే విప్పాడు. సంతోషంలో నాకోసం ఆగకుండా, కొత్తగా వచ్చిన డాక్టరు అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని నింపడం మొదలుపెట్టాడట. నా పుట్టినతేదీ గడి దగ్గర ఆమె ఆగి, కింద ఉన్న వాక్యం చదివి వినిపించింది. ఎన్నడూ మధ్యాహ్నం ఇంటికి రాని బాపు ఆ రోజు ఒంటిగంటకు వచ్చాడు. నేను సెలవులకు ఇంట్లోనే ఉన్నాను.

"గీ ముచ్చట నీకెర్కనా?" అన్నాడు.

"ఎర్కనే బాపు."

"ఎప్పటిసంది?"

"ఇంటర్ల ఉన్నప్పటిసంది."

బాపు మంచం అంచున కూర్చున్నాడు. గట్టిగా అరుస్తాడని చూశాను. అరవలేదు. "గద్వాల పోదునురా. జాగా కొందును. మీ అమ్మ బర్రె అడిగింది, బర్రె" అన్నాడు. గొంతు కూడా పెరగలేదు. ఒక రోగికి వాడిన మందులు వరసగా చెప్పినట్టు చెప్పాడు. తర్వాత కవరు మడిచి, "ఎవ్వరం పోవద్దు. అయిపాయె" అని దాన్ని బియ్యం డబ్బా వెనక పెట్టేశాడు.

మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగోరోజు పొద్దున నేను దవాఖానకు వెళ్లి చిట్టీ తీసుకుని రోగుల వరసలో నిలబడ్డాను. ఇంట్లో మాట్లాడనివాడు అక్కడ మాట్లాడక తప్పదని నా తెలివి. ముప్పావు గంటకు నా వంతు వచ్చింది. బాపు తలెత్తకుండా, "ఏం తకలీఫు?" అన్నాడు.

"బాపు, నా తప్పుకు మీరెందుకు ఆగుడు? మీరు ముగ్గురు పోన్రి."

ఆయన నన్ను చూశాడు. నా వెనక ఉన్న ముసలాయన, "జర జల్ది కానీ బిడ్డా, నాకు బస్సున్నది" అన్నాడు. బాపు సీసాలో ఎర్రమందు పోసి, గాట్ల పట్టీ అతికించి నా చేతిలో పెట్టాడు. "దినం మూడుసార్లు. తిన్నంక" అన్నాడు. నాకు ఏ రోగమూ లేకపోయినా రెండు రోజులు తాగాను. నవ్వకండి, నిజంగానే తేలికగా అనిపించింది.

ఆ రోజు సాయంత్రం అన్నం దగ్గర బాపు మళ్లీ "వీన్ని ఇడిసిపెట్టి పోవుడు నాతోని గాదు" అన్నాడు. అమ్మ ఏదో అనబోయింది. అంతలో సుజాత కంచంలోంచి తలెత్తకుండానే, "నా పేరు గూడ ఉన్నది గదా బాపు, గా కాగితంల?" అంది.

ముగ్గురం దాన్ని చూశాం. పదిహేడేళ్ల పిల్ల. ఇంటర్‌లో బైపీసీ ఎందుకు తీసుకుందో నేను ఎన్నడూ అడగలేదు. రెండేళ్లుగా అత్తకు విడిగా ఉత్తరాలు రాస్తోందట, నర్సు చదువుకు అక్కడ ఏమేం కావాలో కనుక్కుంటోందట. నా నోటుబుక్కులో మా నలుగురి వయసులూ ఉండేవి. వాటిలో ఆమె వయసు మీద నేను ఒక్కసారి కూడా లెక్క వేయలేదు.

"నీకు పోవాల్నని ఉన్నదా బిడ్డా?" అన్నాడు బాపు.

"నన్ను ఎవలన్న అడిగిన్రా?" అంది సుజాత.

అమ్మ చేయి కడుక్కుని లేచి, బియ్యం డబ్బా వెనక నుంచి కవరు తీసి బాపు ముందు పెట్టింది. అమెరికా పేరెత్తితేనే విసుక్కునే అమ్మ, "పొల్ల కోసం పోదాం. వీడు పెద్దోడైండు, కాగితం గూడ గదే చెప్తాంది" అంది.

మద్రాసుకు నలుగురం వెళ్లాం. లోపలికి ముగ్గురు వెళ్లారు. నేను రోడ్డుకు అవతల చెట్టునీడలో నీళ్లసీసా, పులిహోర గిన్నె పట్టుకుని నిలబడ్డాను. నాలాగా చాలామంది ఉన్నారు. తమ్ముడి కోసం అన్న, కూతురి కోసం తల్లి. మాటల్లో అందరూ మొదట చెప్పుకున్నది పేరు కాదు, తమ తారీకు. నా తారీకు ఎవరూ అడగకుండా కొంచెం పక్కకు జరిగాను. బాపు బయటికి వచ్చి, "కాంపౌండర్ అంటే వీసాలిచ్చే అమ్మకు సమజ్ గాలే. సీసా, మందు, సూది అన్ని చేతులతోని చూపెట్టిన, నవ్వింది" అన్నాడు. ఆయన కూడా నవ్వాడు. పన్నెండేళ్లలో నా లెక్కలేవీ తేలేకపోయిన నవ్వు అది.

వాళ్లు వెళ్లాక ఆ కిరాయి ఇంట్లో నేనొక్కణ్నే మిగిలాను. రొట్టె చరచడం రాదు. చేసినవి ఏ ఆకారంలో ఉండేవో చెప్పను. ఒక ప్రైవేటు బడిలో లెక్కల సారుగా చేరాను. బాపు అక్కడ ఒక ఆసుపత్రిలో దుప్పట్లు మడిచే పనిలో కుదిరాడు. "ఇక్కడ నన్ను సూది ముట్టనియ్యరు. దుప్పట్లు మాత్రం మస్తు మంచియి" అని రాశాడు. అదే ఉత్తరంలో నా కోసం ఇంకో దరఖాస్తు పెట్టినట్టు కూడా రాశాడు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ల పెద్దపిల్లల వరస అది. కొత్త వరస, కొత్త తారీకు, ఏడెనిమిదేళ్లు పట్టొచ్చు. ఒకటే నియమం, ఆలోగా పెళ్లి చేసుకోకూడదు. చేసుకుంటే ఆ వరసలో పేరు ఉండదు. ఈసారి ఆ వాక్యాన్ని బాపే ఎవరిచేతో చదివించుకుని, తెలుగులో రాసి, కింద గీత గీసి పంపాడు. నన్ను నమ్మడం మానేశాడని కాదు గానీ, జాగ్రత్త.

అదే బడిలో తెలుగు చెప్పే పద్మతో మధ్యాహ్నాలు డబ్బాలు పంచుకుని తినేవాణ్ని. పంచుకోవడమంటే నా రొట్టెలు చూసి జాలిపడి ఆమె తనవి పెట్టేది. రెండేళ్లు అలా గడిచాక ఒకరోజు ధైర్యం చేసి నా వరస సంగతంతా చెప్పి, "ఎనిమిదేండ్లు ఆగుతవా?" అని అడిగాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ అడిగిన మనిషిని నేనే కొట్టాలనిపిస్తుంది.

పద్మ డబ్బా మూత పెట్టింది. "గా ఎనిమిదేండ్లు అయినంక ఏమైతది?"

"నేను పోత. తర్వాత నిన్ను పెండ్లి చేసుకొని, నీ కోసం ఇంకో కాగితం పెడుత."

"దానికెన్నేండ్లు?"

నేను అలవాటు కొద్దీ మనసులో లెక్క వేయడం మొదలుపెట్టాను. నా పెదవులు కదలడం చూసి ఆమెకు నవ్వు వచ్చింది. "సార్, వచ్చే నెల టీచర్ పోస్టుల పరీక్షున్నది. నేను రాస్తాన్న. మీరు రాస్తరా, గిట్లనే లెక్కలేస్త కూసుంటరా?" అంది.

రాశాను. ఇద్దరికీ ఉద్యోగం వచ్చింది. ఎస్టీడీ బూత్‌కు వెళ్లి, పద్మ అద్దం తలుపు అవతల నిలబడి చూస్తుండగా బాపుకు ఫోన్ చేశాను. పెళ్లి చేసుకుంటున్నానని చెప్పాను. మొదట అత్త ఫోన్ లాక్కుని, "పిచ్చోడా, రెండేండ్లు వట్టిగనే పోగొడితివి, పేరు తీసేస్తరు" అని తిట్టింది. తర్వాత బాపు తీసుకున్నాడు. "పిల్ల నీతోని ఏమన్న దాస్తదా?" అని అడిగాడు. "లేదు బాపు, మొఖం మీదనే చెప్తది" అన్నాను. "అయితే చేసుకో. మన ఇంట్ల గసొంటి మనిషొకలు ఉండాలె" అన్నాడు.

ఇప్పుడు పక్కింటి అల్లుడు ఫోనులో రోజుకు రెండుసార్లు పట్టిక చూసుకుంటున్నాడు. మాకు తారీకు నెలకొకసారే తెలిసేది, మిగతా రోజులు బతకడానికి కొంచెం సందు ఉండేది. ఆ సందులో బాపు ఊరందరికీ సూదులు వేశాడు, అమ్మ రొట్టెలు చేసింది, సుజాత చదువుకుంది. ఆ సందును కూడా లెక్కలతో పూడ్చేసింది నేనొక్కణ్నే.

మా పెళ్లికి బాపు, అమ్మ, సుజాత ముగ్గురూ వచ్చారు. సుజాత అప్పటికి నర్సు చదువు చివరి ఏట ఉంది. పెళ్లయిన మర్నాడు పొద్దున దొడ్లో నేనూ అదీ పక్కపక్కన కూర్చుని అమ్మ వేడివేడిగా వేస్తున్న రొట్టెలు తింటున్నాం. చాలా ఏళ్లుగా అనుకుంటున్న మాట అప్పుడు అడిగాను. "నేను గూడ వచ్చి ఉంటే ఎట్లుండునో గదనే?"

సుజాత నమిలింది మింగి, నా మొహంలోకి చూసింది. దాని చూపులో కోపం లేదు. "నువ్వొస్తే నేను నర్సును గాకపోదును అన్నా. బాపుకు వచ్చేది ఒక్క దుప్పట్ల జీతం. ఒక్కలనే చదివియ్యగలుగుతుండె. నిన్నే చదివిస్తుండె" అంది.

అది "అమ్మా, ఇంకోటి ఎయ్యి" అంటూ కంచం పట్టుకుని పొయ్యి దగ్గరికి పోయింది.